టెక్సాస్ వెళ్ళిపోదామా?

మీరు న్యూజెర్సీలోనో, షికాగోలోనో, బోస్టన్‌లోనో ఉంటున్నారు. రాత్రంతా పడిన మంచును పొద్దున్నే పారతో తీసి, కారు అద్దాల మీద ఐసు గీకి, ఆఫీసుకు చేరేసరికే సగం ఓపిక అయిపోయింది. మధ్యాహ్నం ఫోన్ తీస్తే, టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఉంటున్న స్నేహితుడు గృహప్రవేశం ఫొటోలు పెట్టాడు. ఐదు బెడ్‌రూములు, మీడియా రూము, విడిగా పూజ గది. ధర ఎంతని అడిగితే, మీ ఊళ్ళో మామూలు టౌన్‌హౌస్‌కి పెట్టేంతే! ఆ రాత్రి అన్నాలు తింటూ ఇంట్లో ఎవరో ఒకరు ఆ మాట అననే అంటారు: "మనమూ టెక్సాస్ వెళ్ళిపోదామా?"

అమెరికాలో చలి రాష్ట్రాల్లో ఉన్న మన తెలుగు కుటుంబాల్లో ఈ ప్రశ్న రాని ఇల్లు అరుదు. కొందరు మూడు నెలల్లో సామాను సర్దుకుని వెళ్ళిపోతారు. కొందరు పదేళ్ళుగా ప్రతి శీతాకాలం ఇదే మాట అనుకుని, ఏప్రిల్ రాగానే మర్చిపోతారు. రెండు చోట్లా ఒకటే లోటు. లెక్క వేసుకుని తేల్చుకోకపోవడం.

ఈ అధ్యాయం మిమ్మల్ని వెళ్ళమనదు, ఉండమనదు. తేల్చుకోవడానికి దారి చూపిస్తుంది. ఇల్లు చౌకగా దొరికినంత మాత్రాన బతుకు చౌక అయిపోదు. ఇల్లు అలకగానే పండగ కాదు కదా! ఒక్కో మెట్టూ చూద్దాం.

1. ఎందుకు మారాలో ఇద్దరూ విడివిడిగా రాయండి

ఒక సాయంత్రం భార్యాభర్తలిద్దరూ చెరో కాగితం తీసుకోండి. ఒకరిది ఒకరు చూడకుండా మారడానికి మూడు కారణాలు, మారాలంటే ఉన్న మూడు భయాలు రాయండి. తర్వాత కాగితాలు మార్చుకుని చదవండి.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే ఒక జంటను ఊహించుకోండి. ఆయన రాసిన కారణాలు: పెద్ద ఇల్లు, స్టేట్ ట్యాక్స్ ఉండదు, స్నేహితులు అక్కడే ఉన్నారు. ఆమె రాసినవి: ఆర్నెల్లు పిల్లలు నాలుగు గోడల మధ్యే ఉంటున్నారు, చలికి ఒళ్ళు నొప్పులు. ఇక భయాల దగ్గర ఆమె మొదటి మాట "నా ఉద్యోగం ఏమవుతుంది?" ఆయన కాగితంలో ఆ ఊసే లేదు. ఇది సామాను లారీ ఎక్కాక బయటపడితే మంచిదా, ఇప్పుడే బయటపడితే మంచిదా?

రాసిన కారణాలను రెండు భాగాలు చేయండి. చలి, అద్దె, రైల్లో రోజుకు మూడు గంటల ప్రయాణం లాంటివి ఊరు మారితే తగ్గుతాయి. మేనేజరుతో గొడవ, క్రెడిట్ కార్డుల అప్పు, ఇంట్లో మాటా మాటా పెరగడం లాంటివి మీతో పాటే విమానమెక్కుతాయి. మీ కాగితంలో రెండో రకమే ఎక్కువుంటే, ముందు వాటి సంగతి చూడండి.

2. ఇంటి ధర పక్కన పెట్టండి, నెల ఖర్చు చూడండి

అందరూ తడబడేది ఇక్కడే. "అక్కడ ఐదు లక్షలకే ఇల్లు వస్తోంది" అన్న మాట వినగానే మనసు వెళ్ళిపోతుంది. కానీ నెలనెలా మీ ఖాతాలోంచి ఎంత పోతుందన్నదే అసలు ప్రశ్న.

ముందు వడ్డీ చూడండి. 2021 జనవరిలో 30 ఏళ్ళ ఇంటి లోన్ సగటు వడ్డీ 2.65 శాతానికి పడిపోయింది. ఆ రోజుల్లో కొన్నవాళ్ళు, రీఫైనాన్స్ చేసుకున్నవాళ్ళు 3 శాతం దగ్గర ఉన్నారు. 2023 అక్టోబరుకల్లా అదే వడ్డీ 7.79కి చేరింది. 4 లక్షల డాలర్ల లోన్‌కి 3 శాతం మీద నెలకు అసలు, వడ్డీ కలిపి దాదాపు 1,686 డాలర్లు. అదే లోన్ 6.5 శాతానికి తీసుకుంటే 2,528. నెలకు 842 డాలర్ల తేడా! అప్పు పెరగలేదు, రాష్ట్రం మారిందంతే. పాత లోన్‌ను కొత్త ఇంటికి పట్టుకెళ్ళడం కుదరదు.

తర్వాత ప్రాపర్టీ ట్యాక్స్. టెక్సాస్‌కి జీతం మీద రాష్ట్ర పన్ను లేదు కాబట్టి బడులు, రోడ్లు, పోలీసుల ఖర్చులో పెద్ద భాగం ఇంటి పన్ను నుంచే రావాలి. డాలస్ చుట్టుపక్కల కొత్త కాలనీల్లో ఇది ఇంటి విలువలో 2 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. ఐదు లక్షల ఇంటికి 2 శాతం అంటే ఏడాదికి 10,000 డాలర్లు, నెలకు 833. ఇంటి లోన్ తీరిపోయినా ఇది తీరదు. న్యూజెర్సీ వాళ్ళకు ఇంత పన్ను కొత్తేమీ కాదు. నార్త్ కరోలినా నుంచో, వాషింగ్టన్ నుంచో వెళ్ళేవాళ్ళకు మాత్రం గుండె గుభేలుమంటుంది.

కొనాలనుకున్న ఇంటికి ఈ పట్టిక నింపండి:

- లోన్ వాయిదా
- ప్రాపర్టీ ట్యాక్స్. నీళ్ళు, డ్రైనేజీ, రోడ్ల కోసం కొత్త కాలనీల మీద వేసే ఎంయూడీ, పీఐడీ భారాలు ఉన్నాయేమో విడిగా అడగండి.
- ఇంటి ఇన్సూరెన్స్. కొటేషన్ ఇప్పుడే తెప్పించుకోండి, ఊహతో రాయకండి.
- హెచ్‌ఓఏ (కాలనీ సంఘం) రుసుము
- కరెంటు. జూలై, ఆగస్టు బిల్లులు విడిగా అడగండి.
- టోల్. డాలస్ నార్త్ టోల్‌వే, సామ్ రేబర్న్, జార్జ్ బుష్ టర్న్‌పైక్ మీద రోజూ ఆఫీసుకు వెళ్తే నెలాఖరుకు అదొక బిల్లు.
- రెండో కారు. ఇప్పుడు రైలుతో నెట్టుకొస్తుంటే, అక్కడ కుదరదు.
- పచ్చిక, నీళ్ళు

నింపాక కింద మొత్తం వేసి, ఇప్పటి నెల ఖర్చు పక్కన రాయండి. మీ అసలు ప్రశ్నకు సగం జవాబు ఆ రెండు అంకెల్లోనే ఉంటుంది.

కొత్త ఇల్లు కొనేవాళ్ళకు ఇంకో హెచ్చరిక. టెక్సాస్‌లో జనవరి 1న ఇల్లు ఏ స్థితిలో ఉందో దాన్ని బట్టి ఆ ఏడాది విలువ కడతారు. ఆ రోజుకి అక్కడ ఖాళీ స్థలమే ఉంటే, మొదటి ఏడాది పన్ను స్థలానికే వస్తుంది. మీరు హాయిగా ఉంటారు. మరుసటి ఏడాది పూర్తి ఇంటికి పన్ను పడుతుంది. అప్పుడు లోన్ కంపెనీ నుంచి ఉత్తరం వస్తుంది: పన్ను, ఇన్సూరెన్స్ కోసం ఉంచే మీ ఎస్క్రో ఖాతాలో ఇంత లోటుంది, కాబట్టి నెల వాయిదా ఇంత పెరిగింది అని. నెలకు ఐదారు వందల డాలర్లు ఒక్కసారిగా పెరిగితే తట్టుకోగలరా? మొదటి రోజు నుంచే పూర్తి పన్ను లెక్కతో ఆ తేడాను పక్కన పెట్టుకోండి.

ఊరటా ఉంది. ఉంటున్న ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు పెట్టుకుంటే స్కూలు పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి 1,40,000 డాలర్లు తీసేస్తారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో పన్ను వేసే విలువ ఏటా 10 శాతానికి మించి పెరగదు. దరఖాస్తుకు ఖర్చేమీ లేదు. దానికి డ్రైవింగ్ లైసెన్సు మీద ఆ ఇంటి అడ్రసే ఉండాలి, కాబట్టి ముందు లైసెన్సు మార్చుకోండి. విలువ ఎక్కువ కట్టారనిపిస్తే, సాధారణంగా మే 15 లోపు ప్రొటెస్ట్ వేయవచ్చు. ఏటా వేయండి, మొహమాటపడకండి.

3. "స్టేట్ ట్యాక్స్ లేదు" అన్న మాటను డాలర్లలోకి మార్చండి

స్టేట్ ట్యాక్స్ లేదు నిజమే. మీకు ఎంత మిగులుతుంది? న్యూజెర్సీలో భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తూ, పన్ను వర్తించే ఆదాయం 1,80,000 డాలర్లు ఉంటే రాష్ట్ర పన్ను దాదాపు 7,400. నెలకు 617 డాలర్లు. ఇందాక వడ్డీలో వచ్చిన తేడా 842. అంటే 3 శాతం లోన్ వదులుకుని వెళ్ళే కుటుంబానికి ట్యాక్స్‌లో మిగిలింది వడ్డీకే చాలలేదు. అదే న్యూజెర్సీలో అద్దెకుంటున్న కుటుంబమైతే వదులుకునే లోన్ లేదు. వాళ్ళకు ఆ 617 చేతికొచ్చే డబ్బే. ఒకే ఊరు, ఒకే జీతం, రెండు వేరు జవాబులు. అందుకే స్నేహితుడి లెక్క మీకు పనికిరాదు.

పన్నుల దగ్గర ఇంకో నాలుగు సంగతులు గుర్తుంచుకోండి.

న్యూయార్క్ కంపెనీకి ఇంటి నుంచి పనిచేస్తూ, మీ సౌకర్యం కోసం టెక్సాస్ మారితే, ఆ జీతం మీద న్యూయార్క్ రాష్ట్రం పన్ను అడుగుతూనే ఉండవచ్చు. ఆ రాష్ట్రం రూలే అంత. మారకముందే సీపీఏని అడగండి.

న్యూజెర్సీలో ఇల్లు అమ్మి బయటి రాష్ట్రానికి వెళ్తుంటే "ఎగ్జిట్ ట్యాక్స్" అని భయపెడతారు. అది విడిగా వేసే పన్ను కాదు, అమ్మకం లాభం మీద రాగల పన్నుకు ముందస్తు చెల్లింపు. ఎక్కువ కట్టి ఉంటే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ ఇల్లు అమ్మిన రోజున ఆ డబ్బు చేతికి రాదు. దాన్నే నమ్ముకుని అక్కడ డౌన్ పేమెంట్‌కి మాటిస్తే ఇరుక్కుంటారు.

కంపెనీ ఇచ్చే రీలొకేషన్ డబ్బు మీద పన్ను ఉంటుంది. పదివేలు ఇస్తామంటే పదివేలూ చేతికి రావు. మన జేబులోంచి పెట్టిన సామాను ఖర్చుకు ఫెడరల్ మినహాయింపు 2018 నుంచి మామూలు ఉద్యోగులకు లేదు.

మారిన ఏడాది పాత రాష్ట్రానికి అక్కడున్న నెలలకు రిటర్న్ వేయాలి. అడ్రస్ మార్చిన తేదీ, లీజు కాగితాలు, లారీ రసీదు ఒక ఫైల్లో పెట్టుకోండి.

4. వీసా మీద ఉంటే, లాయర్ మాట తర్వాతే ఇల్లు

హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు ఈ మెట్టు దాటవేయకండి. మీ వీసా కంపెనీతో పాటు పనిచేసే చోటుకీ ముడిపడి ఉంటుంది. ఇంటి నుంచి పనిచేస్తుంటే మీ ఇల్లే పనిచేసే చోటు. న్యూజెర్సీ నుంచి డాలస్‌కి మారితే మీ కంపెనీ కొత్త ఎల్‌సీఏ తీసుకుని, మీరు అక్కడ పని మొదలుపెట్టకముందే అమెండ్‌మెంట్ పిటిషన్ వేయాలి. 2015లో సిమియో అనే ఇమిగ్రేషన్ కేసులో వచ్చిన నిర్ణయం తర్వాత ఇందులో సందేహానికి తావు లేదు. "హెచ్‌ఆర్‌కి చెప్పాంలే, కంపెనీ అదేగా" అనుకుని వెళ్ళిపోతే, రేపు స్టాంపింగ్ దగ్గరో, ఎక్స్‌టెన్షన్ దగ్గరో సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

గ్రీన్ కార్డు సంగతి ఇంకా జాగ్రత్త. పెర్మ్ అనే లేబర్ సర్టిఫికేషన్‌ను ఒక ఉద్యోగానికి, ఒక చోటుకి వేస్తారు. చోటు మారితే పెర్మ్ మళ్ళీ మొదటినుంచి చేయాల్సి రావచ్చు. ఐ-140 ఆమోదం పొంది ఉంటే ప్రయారిటీ డేట్ సాధారణంగా నిలుస్తుంది. ఐ-485 వేసి 180 రోజులు దాటిన వాళ్ళకు వెసులుబాటు ఎక్కువ. మీరు ఏ మెట్టు మీద ఉన్నారో రాసి, లాయర్‌కి ఈమెయిల్ పెట్టండి. జవాబు కూడా రాతపూర్వకంగా తీసుకోండి. ఇల్లు మారిన 10 రోజుల్లో ఏఆర్-11 ద్వారా కొత్త అడ్రస్ తెలియజేయడం మర్చిపోకండి.

హెచ్-4 ఈఏడీ మీద పనిచేసే జీవిత భాగస్వామికి ఇలాంటి చోటు పట్టింపు లేదు. అయినా వాళ్ళ ఆఫీసు వాళ్ళని కొత్త రాష్ట్రం నుంచి పనిచేయనిస్తుందో లేదో అడిగి తెలుసుకోవాలి. ఇవాళ రిమోట్ అన్న కంపెనీ రేపు వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మంటే? ఆ రోజుకి మీ దగ్గర జవాబుందా?

5. డిసెంబర్లో కాదు, ఆగస్టులో వెళ్ళి చూడండి

క్రిస్మస్ సెలవుల్లో డాలస్ వెళ్ళినవాళ్ళంతా ఆ ఊరిని ప్రేమిస్తారు. స్వెట్టర్ కూడా అక్కర్లేని ఎండ, పార్కులో పిల్లలు. అదే ఊళ్ళో 2011లో 71 రోజులు ఉష్ణోగ్రత 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరడమో, దాటడమో జరిగింది. మన లెక్కలో 38 డిగ్రీలు. "బెజవాడ ఎండలు చూసినవాళ్ళం, ఇదో లెక్కా?" అంటారు మనవాళ్ళు. చూశాం నిజమే, కానీ అప్పుడు మధ్యాహ్నం పూట కారు డోరు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేలా ఎండలో ఆపి, పిల్లల్ని ఎక్కించుకుని, ఇరవై మైళ్ళు నడుపుకుంటూ తిరగలేదు. ఆగస్టు రెండో వారంలో నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్ళండి. సాయంత్రం ఐదింటికి ఆఫీసు నుంచి ఇంటిదాకా ఒకసారి నడపండి. పార్కుకి పిల్లల్ని తీసుకెళ్ళండి. ఎవరూ లేకపోతే, ఎందుకు లేరో మీకే తెలుస్తుంది.

చలి అసలు ఉండదనీ అనుకోకండి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్‌లో లక్షల ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు పోయింది. పైపులు పగిలాయి. రాష్ట్ర లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. చలి రాష్ట్రంలో ఇళ్ళు చలికి కడతారు, అక్కడ ఎండకు కడతారు.

వడగళ్ళు ఇంకో ఖర్చు. వసంతంలో డాలస్ ప్రాంతంలో పెద్ద వడగళ్ళు పడటం, ఇంటి పైకప్పు మార్చాల్సి రావడం మామూలు. ఇన్సూరెన్స్ ఉందిగా అంటారా? పాలసీలో గాలి, వడగళ్ళ డిడక్టిబుల్ విడిగా ఉంటుంది, చాలాసార్లు శాతంలో. 4 లక్షల కవరేజీకి 2 శాతం అంటే మొదటి 8,000 డాలర్లు మీ జేబులోంచే. కొటేషన్‌లో ఆ గీత ఎక్కడుందో వెతికి చదవండి.

హ్యూస్టన్, ఫ్లోరిడా వెళ్ళాలనుకుంటే వరద సంగతి కూడా చూసుకోవాలి. మామూలు ఇంటి పాలసీలో వరద నష్టం రాదు. విడిగా ఫ్లడ్ పాలసీ తీసుకోవాలి, ప్రభుత్వ పాలసీ అమలులోకి రావడానికి సాధారణంగా 30 రోజులు పడుతుంది. తుపాను టీవీలో కనిపించాక కొంటే పనికిరాదు. 2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చినప్పుడు హ్యూస్టన్ ప్రాంతంలో కొన్నిచోట్ల 40 అంగుళాలకు పైగా వాన పడింది. మ్యాపులో వరద జోన్ బయట ఉన్న ఇళ్ళు కూడా చాలా మునిగాయి. "ఫ్లడ్ జోన్ కాదు" అన్న ఏజెంట్ మాటతో ఆగకండి. పక్కింటి తలుపు తట్టి, "హార్వీలో ఈ వీధిలోకి నీళ్ళు వచ్చాయా?" అని అడగండి. అంతకంటే నమ్మకమైన సమాచారం ఎక్కడా దొరకదు.

6. పిల్లల చదువు: ఏ క్లాసులో మారుస్తున్నారు?

ఐదో క్లాసులోపు పిల్లలు నెల రోజుల్లో కొత్త స్నేహితుల్ని పట్టేస్తారు. పన్నెండో క్లాసు పిల్లను మార్చడం వేరు. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటిలో, హైస్కూల్లో మొదటి 10 శాతంలో ఉన్న రాష్ట్ర విద్యార్థులకు ప్రవేశం ఖాయం. ఆస్టిన్‌లోని యూటీకి ఇప్పుడది 5 శాతమే. ఫ్రిస్కో, ప్లేనో లాంటి చోట్ల పోటీ పడి చదివే పిల్లల మధ్య ఆ 5 శాతంలోకి రావడం చిన్న మాట కాదు. పేరున్న బడి పక్కన ఇల్లు కొనడమే మీ పిల్లకు మేలో కాదో ఆలోచించండి. ఫీజు రాయితీకి కూడా కాలేజీలో చేరేముందు కనీసం 12 నెలలు రాష్ట్రంలో కాపురమున్నట్టు చూపించాలి.

చిన్న విషయం, కానీ తల్లిదండ్రులు తరచూ మర్చిపోయేది: టెక్సాస్‌లో బడులు ఆగస్టు మధ్యలోనే మొదలవుతాయి. న్యూజెర్సీ లెక్కన సెప్టెంబరుకు టిక్కెట్లు కొంటే మీ పిల్లలు మూడు వారాల పాఠాలు పోగొట్టుకుంటారు.

ఇల్లు ఫలానా స్కూలు పరిధిలో ఉందని వెబ్‌సైట్‌లో చూసి కొనకండి. వేగంగా పెరుగుతున్న ఊళ్ళలో కొత్త బడి కట్టగానే హద్దులు మారుస్తారు. స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకే ఫోన్ చేసి, రాబోయే మార్పుల గురించి అడగండి.

7. మనుషుల లెక్క కూడా వేయండి

ఈ విషయంలో డాలస్‌కి మంచి మార్కులే పడతాయి. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి, అర్వింగ్‌లో ఏక్తా మందిర్ ఉన్నాయి. అక్కడి తెలుగు సంఘం టాంటెక్స్ "నెలనెలా తెలుగు వెన్నెల" సాహిత్య సదస్సు నడుపుతుంది. పిల్లలకు తెలుగు నేర్పే మనబడి తరగతులున్నాయి. కూరగాయల నుంచి పచ్చళ్ళ దాకా దొరకనిది లేదు.

కానీ మీ మనుషులు వేరు, మనవాళ్ళు వేరు. అర్ధరాత్రి బిడ్డకు జ్వరమొస్తే రెండో పిల్లను ఎవరింట్లో దింపుతారు? ఇప్పటి ఊళ్ళో ఆ పేరు మీకు తడుముకోకుండా వస్తుంది. కొత్త ఊళ్ళో ఆ పేరు సంపాదించడానికి ఏడాదో, రెండేళ్ళో పడుతుంది. మారిన మొదటి ఆర్నెల్లు ఒంటరితనం అనిపించడం సహజం. ముఖ్యంగా ఉద్యోగం మానేసి వెళ్ళిన భార్యకు. దానికి ముందే సిద్ధపడండి. మారిన నెలలోనే గుడిలో సేవకో, మనబడిలో పాఠాలకో పేరు ఇవ్వండి.

ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల సంగతి? ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్ దగ్గర ఉంటే మీ నాన్నగారు ఒక్కరే నడుచుకుంటూ వెళ్ళి కూరగాయలు తెచ్చుకోగలరు. ఫ్రిస్కో, ప్రోస్పర్ కాలనీల్లో కారు లేకుండా గడప దాటలేరు. ఆర్నెల్లు ఉండడానికి వచ్చిన పెద్దవాళ్ళకు ఇది చాలా పెద్ద తేడా. పెద్దలు తరచూ వచ్చే కుటుంబమైతే, గుడికో, వాకింగ్ ట్రాక్‌కో, తెలుగువాళ్ళ ఇళ్ళకో దగ్గరగా ఇల్లు చూడండి. దానికోసం ఒక బెడ్‌రూమ్ తగ్గినా ఫర్వాలేదు.

8. ముందు ఏడాది అద్దెకుండండి

ఈ అధ్యాయంలో ఒక్క సలహానే పాటిస్తానంటే, ఇది పాటించండి. శని, ఆదివారాలు వెళ్ళి, మూడు మోడల్ హోములు చూసి, సోమవారం బిల్డర్‌కి అడ్వాన్సు ఇచ్చి వచ్చేవాళ్ళు మనలో ఎక్కువ. అద్దె దండగ అంటారు. ఏడాది అద్దె, తప్పు చోట కొన్న ఇంటిని రెండేళ్ళలో అమ్ముకునే నష్టంతో పోలిస్తే తక్కువే. ఆ ఏడాదిలో ఒక ఆగస్టు, ఒక వడగళ్ళ వాన, ఒక స్కూలు సంవత్సరం చూసేస్తారు. ఏ రోడ్డు మీద సాయంత్రం ట్రాఫిక్ ఆగుతుందో తెలుస్తుంది.

కొనే రోజు వచ్చాక ఇవి చూసుకోండి:

- టెక్సాస్‌లో ఇంటి అమ్మకం ధరలు బహిరంగంగా నమోదు కావు. ఇంటర్నెట్‌లో కనిపించే అంచనాలు నమ్మకండి. ఆ వీధిలో గత ఆర్నెల్లలో ఏ ఇల్లు ఎంతకు అమ్ముడయిందో రియల్టర్‌ని అడిగి తీసుకోండి.
- పాత ఇల్లు కొంటుంటే ఆప్షన్ పీరియడ్ తీసుకోండి. కొంత ఫీజు కడితే ఒప్పుకున్న రోజుల్లోపు ఏ కారణంతోనైనా వెనక్కి తగ్గవచ్చు. ఆ రోజుల్లోనే ఇన్‌స్పెక్షన్ పూర్తిచేయండి.
- డాలస్ ప్రాంతపు నల్ల బంకమట్టి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. దాంతో పునాదులు కదులుతాయి. గోడల మూలల్లో పగుళ్ళు, పట్టుకుంటున్న తలుపులు జాగ్రత్తగా చూడండి. ఎండాకాలంలో ఇంటి చుట్టూ మట్టి ఎండిపోకుండా నీళ్ళు పెట్టాల్సి ఉంటుందని గుర్తుంచుకోండి.
- కొత్త ఇల్లైనా మీ సొంత ఇన్‌స్పెక్టర్ ఉండాలి. గోడలు మూసేముందు ఒకసారి, తాళాలు తీసుకునేముందు ఒకసారి, మొదటి ఏడాది వారంటీ అయ్యేలోపు ఒకసారి చూపించండి.
- తూర్పు ముఖం స్థలానికి బిల్డర్ అదనంగా అడగవచ్చు. ఇద్దామనుకుంటే ఇవ్వండి, కానీ అది కూడా లోన్‌లో కలిసి 30 ఏళ్ళు వడ్డీ కట్టించుకుంటుందని తెలిసి ఇవ్వండి.

9. టెక్సాస్ ఒక్కటే కాదు

ఎండ, చౌక ఇల్లు అనగానే అందరి చూపూ డాలస్ వైపే పోతుంది. నార్త్ కరోలినాలో షార్లెట్, కేరీ చూడండి. రాష్ట్ర పన్ను ఉంది, 2026 నుంచి 3.99 శాతం. కానీ ఇంటి పన్ను టెక్సాస్ కంటే బాగా తక్కువ. జార్జియాలో అట్లాంటాకు ఉత్తరాన ఆల్ఫరెటా, కమ్మింగ్ చుట్టూ తెలుగు కుటుంబాలు బాగా ఉన్నాయి. ఈ రెండు చోట్లా చలి కొంత, ఎండ కొంత. పెద్ద జీతం, చిన్న ఇల్లు అయితే టెక్సాస్ లెక్క కలిసొస్తుంది. మధ్యస్థ జీతంతో పెద్ద ఇల్లు కావాలంటే కరోలినా లెక్క కలిసిరావచ్చు. రెండో మెట్టులోని పట్టికను కనీసం రెండు ఊళ్ళకు నింపి చూడండి.

10. మూడు నెలల ప్రణాళిక

మొదటి నెల: కారణాలు, భయాలు రాయడం, నెల పట్టిక నింపడం, లాయర్‌కి, సీపీఏకి ఈమెయిళ్ళు.

రెండో నెల: ఇద్దరి ఆఫీసుల నుంచి రాతపూర్వక అనుమతి, ఇన్సూరెన్స్ కొటేషన్లు, స్కూల్ డిస్ట్రిక్ట్‌తో మాట, వేసవి ప్రయాణానికి టిక్కెట్లు.

మూడో నెల: అప్పటికే అక్కడున్న మూడు కుటుంబాలతో మాట్లాడటం. ఇల్లు కొన్నవాళ్ళు ఒకరు, అద్దెకున్నవాళ్ళు ఒకరు, వెళ్ళి తిరిగొచ్చేసినవాళ్ళు ఒకరు. ఈ మూడోవాళ్ళతో తప్పకుండా మాట్లాడండి. అందరూ చెప్పనివి చెప్పేది వాళ్ళే.

వెళ్ళాలని తేలితే, చేరాక టెక్సాస్‌లో కారు రిజిస్ట్రేషన్‌కి 30 రోజులు, డ్రైవింగ్ లైసెన్సుకి 90 రోజులు గడువు. వాటిని చివరి రోజుదాకా లాగకండి.

ఇక నిర్ణయం. వీసా వద్దంటే ఆగండి, మిగతావన్నీ అనుకూలంగా ఉన్నా సరే. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం ఖాయంగా పోతుందంటే, ఆ ఒక్క జీతంతో పట్టిక మళ్ళీ వేయండి. 3 శాతం లోన్ ఉన్నవాళ్ళు చలి కోసం వెళ్తే వెళ్ళండి, డబ్బు మిగులుతుందని మాత్రం వెళ్ళకండి. అద్దెకుంటూ, పిల్లలు చిన్నవాళ్ళై, రెండు ఉద్యోగాలూ వెంట వచ్చేవాళ్ళు మాత్రం వెనకాడకండి, ఈ మార్పు మీకు నిజంగా కలిసొస్తుంది. తేలింది ఏదైనా, సొంత లెక్కతో తేల్చుకున్న నిర్ణయం మీద నిలబడండి. ఎవరి ఫొటోలు చూసినా తర్వాత బాధపడరు.